ఒక్క చుక్క కింద పడొద్దన్న మా మేస్త్రి

మొన్న ఎండకాలం చివర్ల, ఒక సోమవారం పొద్దుగాల, కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది. మా మేస్త్రి బిడ్డ మాట్లాడింది.

"కాకా, బాపు పోయిండే."

"ఎప్పుడు?" అన్న.

"తెల్లారంగ. చాయ పెట్టు బిడ్డా అన్నడు. పెట్టి తెచ్చేసరికి లేడు."

"కాకా, ఉన్నవా?" అని రెండుసార్లు అడిగింది. "ఉన్న" అన్న. ఫోన్ జేబుల ఏసుకొని, చెప్పులు తొడుక్కొని రోడ్డు మీదికి పోయి బస్సు కోసం నిలబడ్డ.

ఆయన కరెంటు ఆఫీసు నౌకరు కాదు. కంట్రాక్టు కింద పనిచేసే గుంపుకు మేస్త్రి. ఊర్లల్ల పాడైపోయిన పాత ట్రాన్స్‌ఫారాలను గద్దెల మీది నుంచి దింపి షెడ్డుకు చేర్చుడు మా పని. ఆయన పుట్టింది గంభీరావుపేట దిక్కు, బతికింది కోరుట్లల. నేను సారంగాపూర్ దిక్కు మనిషిని. మా ఇద్దరి తాతలకూ గుంటెడు భూమి లేకుండె. ఆయన ఆదివారం చర్చికి పోయెటోడు, నేను పోచమ్మకు మొక్కెటోణ్ని. ఇరవై ఏండ్ల పైన ఒక్క టిఫిన్ డబ్బల తిన్నం. నాకంటే నాలుగేండ్లు పెద్ద. నన్ను "తమ్మీ" అనెటోడు.

బస్సుల కూసున్నంక నాకు ఏడుపు రాలే. గురువారం గుర్తుకొచ్చింది.

గురువారం సంగతి మీకు ముందే చెప్పాలె. మా ఊరి సర్కారు బడి వెనుక గోడకు ఆనుకొని ఒక పాత ట్రాన్స్‌ఫారం ఉండె. ఊరికి కొత్తది వేరే తావున పెట్టినంక దీన్ని ఎవరూ పట్టించుకోలే. మేకలు కట్టేసేందుకు పనికొచ్చింది. కింది వాల్వు కాడ వాషరు చీకిపోయి, చుక్క చుక్క ఆయిలు కారుతుండె. గద్దె కాడినుంచి నేల వాలు. ఆ వాలుకు పదిహేను అడుగుల అవుతల మా వాడకట్టు బోరింగు. పోయినేడు వానకు నీళ్లు గద్దె కిందినుంచి బోరింగు దిక్కు పారుతుంటే, ఆ నీళ్ల మీద ఎరుపు, నీలం, పసుపు రంగులు తేలుడు మేస్త్రి, నేను కండ్లార చూసినం. దాన్ని దింపే కాగితం కోసం ఆయన ఏడాది మీద ఆరునెలలు తిరిగిండు. కాగితం వచ్చింది. గురువారం దింపాలె. "వానలు పడేలోపట అయిపోవాలె తమ్మీ. నువ్వు పొద్దుగాలనే లేచి ఉండు, నేనొస్తున్న" అని శనివారం ఫోన్ చేసిండు. సోమవారం పోయిండు.

ఆయన పనితనం నాకు మొదటి రోజే తెలిసింది. కోరుట్ల అవుతల మూతబడ్డ రైసుమిల్లు కాడ పని. నేను తాడు పట్టుకొని ఒక పక్కకు నిలబడ్డ.

"చదువు వచ్చునా తమ్మీ?" అని అడిగిండు.

నేను ఐదు వేళ్లు చూపిచ్చిన.

"ఐదో తరగతా? మాటలు కూడ రోజుకు ఐదేనా?"

అందరు నవ్విండ్రు. గా రోజు నుంచి నా పేరు మౌనసామి అయింది. ట్రాన్స్‌ఫారానికి కొట్టిన రేకు మీది నంబరు నాతోని చదివిచ్చిండు. ఒక్కసారి కాదు, మూడుసార్లు. ఆయన చేతుల కాగితం, దాని మీద అదే నంబరు. ఆయనకు అక్షరాలు రావు గాని అంకెలు వస్తయి. "ఒక్క అంకె తప్పితే, సచ్చినదనుకొని బతికున్నదాన్ని ముట్టుకుంటం" అన్నడు.

తర్వాత తాళం. ట్రాన్స్‌ఫారం ఉత్తదే ఉన్నా పైన తీగలల్ల కరెంటు పోతనే ఉంటది. స్తంభానికి ఒక పెద్ద స్విచ్ ఉంటది, కింద కడ్డీ పట్టి గుంజితే ఆ తీగలకు, వాటెంబడి ఊరంతటికి కరెంటు ఆగుతది. లైన్‌మెన్ దాన్ని గుంజంగనే మేస్త్రి ఆ కడ్డీకి సొంత తాళం ఏసెటోడు. తర్వాత రాగితీగ కట్టిన కర్ర తోని తీగలను నేలకు కలిపిచ్చెటోడు. అదయితే గాని ఎవర్నీ నిచ్చెన ఎక్కనియ్యడు. తాళంచెవి మాత్రం మొలతాడుకు కట్టుకొనెటోడు. "స్విచ్ గుంజినమని వందమంది చెప్తరు. చెవి నీ నడుముకు ఉంటెనే నమ్ము" అనెటోడు. కరెంటు లేక ఊరోళ్లు చుట్టూ చేరి సతాయించెటోళ్లు.

"ఓ మేస్త్రీ, నీ మొలతాడు జెర ఇప్పరాదు, మా సీరియల్ టైమైతున్నది!"

"ఇప్పుత అమ్మా, పని అయినంక మీ అందరి ముంగటనే ఇప్పుత!"

ఆడోళ్లు కొంగులు మూతికి అడ్డం పెట్టుకొని నవ్వెటోళ్లు. ఆయన మాత్రం పని అయ్యేదాక ఇప్పలే, ఏ ఊర్లనూ.

అసలు ఆయన గుర్తు తెల్లగుడ్డ. ఆయన బామ్మర్ది సిరిసిల్లల కరెంటు మగ్గాలు, గదే సాంచాలు, నడుపుతడు. మగ్గం మీది నుంచి కోసిన తెల్లగుడ్డ ముక్కలు ఏడాదికోసారి పంపుతుండె. పని మొదలువెట్టే ముందు మేస్త్రి ట్రాన్స్‌ఫారం కింద రేకు తట్ట పెట్టి, తట్ట కింద ఆ గుడ్డ పరిచెటోడు. పక్కన ఊక బస్త, ఉసిక బకెటు. పని అయినంక గుడ్డను రెండు చేతుల ఎండకు ఎత్తి పట్టి చూసెటోడు. మరక ఉంటే, అది ఎక్కడినుంచి పడ్డదో తెలిసేదాక ట్రాలీ కదలదు.

"మన్ను మీద ఆయిలు పడితే కనవడదు తమ్మీ. మన్ను తాగి నోరు మూసుకుంటది, అచ్చం నీ లెక్క. గుడ్డ గట్ల కాదు, చెప్పేస్తది" అన్నడు ఒకసారి.

ట్రాన్స్‌ఫారాలతోని మాట్లాడెటోడు. మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, చైను తగిలిచ్చి, ఎత్తే ముందు దాని పక్క మీద వేలి కణుపుల తోని కొట్టెటోడు. "ఏం ముసలోడా, శాన చేసినవు. ఊరందరి ఇండ్లల్ల కరెంటు బుగ్గలు వెలిగిచ్చినవు. ఇగ మెల్లగ పోదాం రా" అనెటోడు. కొత్తగ వచ్చినోళ్లు నవ్వితే కోపం చేసెటోడు. "పడేసుడు వేరు, దింపుడు వేరు. పని చేసినదాన్ని దింపాలె." పని కాడ బీడి లేదు, గుట్కా లేదు, చేతులకు గ్లౌజులు లేకుంటే మాట లేదు. బస్సెక్కి కూసుంటే మాత్రం కండక్టరు రాకముందే గుర్రు పెట్టెటోడు. ఆయన టికెటు ఎన్నడూ నేనే తీసుకునేది.

ఇగ ఆయిలు సంగతి. మా దిక్కు ఊర్లల్ల ఒక నమ్మకం ఉన్నది. ట్రాన్స్‌ఫారం ఆయిలు మోకాళ్లకు రాస్తే నొప్పి గుంజేస్తదని. తలుపు చెక్కలకు రాస్తే చెదలు పట్టవని. మేకల పుండ్లకు మంచిదని. మేం స్టాండు పాతుతుంటేనే ముసలమ్మలు సీసాలు పట్టుకొని వచ్చి కూసునెటోళ్లు. మంగళవారం అంగడికి వచ్చినట్టు. మీ ఊర్ల కూడ ఉంటరు, మీకు తెలువంది కాదు.

మేస్త్రి ఎవ్వరికీ ఇయ్యకపోయెటోడు. "ఇయ్య" అనెటోడు. తిట్టినా అదే మాట, బతిలాడినా అదే మాట.

ఒకనాడు పగటిబువ్వ తినేటప్పుడు నాతోని చెప్పిండు. పడుచుతనంల తనే ఇచ్చిండట. సీసాలకు సీసాలు. కన్న అవ్వ మోకాళ్లకు ఏండ్ల తరబడి తన చేతులతోనే రాసిండట. కడకు ఆమె ఒంటి మీద పుండ్లు లేసినయట. "గా ఆయిలు తోనే లేసినయని ఏ డాక్టరూ చెప్పలే. కాదని కూడ చెప్పలే. నా చేతులు మాత్రం నాకు తెలుసు" అన్నడు. తర్వాత ఎప్పుడో ఒక ఇంజనీరు సారు మేస్త్రీలందర్నీ కూసోబెట్టి చెప్పిండట, కొన్ని పాతవాటి ఆయిలుల ఒక రసాయనం ఉంటదని, అది మన్నుల పడ్డా, ఒంట్ల చేరినా తొందరగ పోదని, కాలిస్తే ఇంకా చెడ్డదని. చూస్తే తెలువది, వాసనకు తెలువది, పరీక్షల తెలుస్తది. అందుకే పరీక్ష అయ్యేదాక ప్రతిదాన్నీ చెడ్డదే అనుకోవాలెనని. "గా రోజు నుంచి ఇయ్య" అన్నడు, ముద్ద మింగుతూ.

ఇంత విన్నంక కూడ నేను దొంగతనం చేసిన.

సిరిసిల్లల సాంచాల షెడ్ల వెనుక ఒకటి దింపుతున్నం. కారేదైతే ముందు ఆయిలంత చేతి పంపు తోని డ్రమ్ములకు ఎక్కిచ్చి, బిరడాలు బిగిచ్చి, అప్పుడు దింపాలె. పంపు నేనే కొడుతున్న. గుంపు చాయకు పోయింది. మా ఆమె అప్పటికి రెండు నెలల నుంచి గోడ పట్టుకొని నడుస్తున్నది. నా అంగి జేబుల దగ్గుమందు సీస ఖాళీది ఉండె. పైపు మూతి కాడ పట్టి నింపుకున్న. రెండు చుక్కలు గుడ్డ మీద పడ్డయి.

మేస్త్రి వచ్చి గుడ్డ చూసిండు. ఇగ మొదలుపెట్టిండు. పైపు అతుకులు ఇప్పి బిగిచ్చిండు. డ్రమ్ము బిరడా చూసిండు. మోకాళ్ల మీద కూసొని వాల్వు కింద వేలు పెట్టి చూసిండు. గంటసేపు ఎండల, లేని కారుడును దేవులాడిండు. నేను పక్కననే నిలబడి చూసిన. జేబుల సీస నా ఎదకు తగులుతనే ఉన్నది. ఒక్క మాట అంటే అయిపోవు. అనలే.

తర్వాతి ఆదివారం చర్చి అయినంక మా ఇంటికి వచ్చిండు. ఎప్పుడూ చెప్పకుంట రాడు. వాకిట్ల మంచం మీద కూసొని మా ఆమెను అడిగిండు.

"చెల్లే, మోకాళ్లు ఎట్లున్నయి?"

"మంచిగనే ఉన్నయి అన్నా. మీరు పంపిచ్చిన నూనె రాస్తున్న గదా, గుణమిచ్చింది."

మేస్త్రి నా దిక్కు చూసిండు. ఆయన పంపిచ్చిండని ఇంట్ల చెప్పింది నేనే; నేల దిక్కు చూసిన.

"ఏదీ, గా సీస తే చెల్లే" అన్నడు. తెచ్చింది. సగం ఉన్నది. "సబ్బు పెట్టి మోకాళ్లు మంచిగ కడుక్కో. ఇంకోసారి రాయకు. జగిత్యాలల ఎముకల డాక్టరు కాడికి రేపు నేనే తీస్కపోత" అన్నడు. సీసకు బిరడా బిగిచ్చి, కవర్ల చుట్టి, సంచిల నిలబెట్టిండు. బస్సు దాక సాగనంపిన. తొవ్వల అన్నడు.

"పైపు కారలే, డ్రమ్ము కారలే. కారింది మనిషి కాడ. తమ్మీ, మాట్లాడెటోడంటే నాకు భయం లేదు. వాడు నాకింత పొయ్యి అని అడుగుతడు, నేను ఇయ్య అంట. నువ్వు అడగవు. గందుకే నువ్వంటేనే భయం. వంద మాటలు నేర్వకున్నా మంచిదే, ఇయ్య అన్న ఒక్కమాట నేర్చుకో. ముందు నీకు నువ్వు చెప్పుకో."

గుంపుల ఎవ్వరికీ చెప్పలే. ఆ సీసను కాళ్ల నడుమ పెట్టుకొని బస్సుల పోయిండు. గా ఒక్క రోజు బస్సుల నిద్రపోలేదని తర్వాత చెప్పిండు.

ఆ ఆదివారమే, బస్సు టైమైతున్నదని అడ్డతొవ్వ పట్టి బడి వెనుకనుంచి పోతుంటే, గద్దె మీది పాత ట్రాన్స్‌ఫారాన్ని చూసి ఆగిపోయిండు. "గిదేంది? మీ ఊర్లనే ఉన్నదా గిది? రోజు దీని పక్కనుంచే పోతవా?" అన్నడు. పోతుంటి. ఎన్నడూ చెప్పలే.

గప్పటినుంచి మొదలు. వాల్వు కింద తట్ట పెట్టి ఊక పోసిండు. వారానికోసారి ఆ ఊక తీసి మూతున్న డ్రమ్ముల ఏసి కొత్త ఊక పొయ్యాలె, గది నా పని. అంతకుముందు కారిందంత గద్దె కింది మన్నులనే ఉండె; పోయినేటి వానకు ఆ రంగులు తేలింది గందుకే. బోరింగు నీళ్లు సీసల పట్టి ఇంజనీరు సారు తోని పరీక్షకు పంపిచ్చిండు. ఇంకా ఏం చేరలేదని వచ్చింది. ఊరోళ్లు సంతోషపడ్డరు. మేస్త్రి మాత్రం ఆ "ఇంకా" అన్న మాటను పట్టుకున్నడు. "ఇంకా అంటే ఏంది తమ్మీ? వస్తున్నదని" అన్నడు.

దాని పేరు ఏ లిస్టుల లేదు. లిస్టుల లేనిదాన్ని దింపే కాగితం పుట్టదు. ప్రతి సోమవారం బస్సెక్కి ఆఫీసుకు పోయి బెంచి మీద కూసునెటోడు. ఒక సారు మారిండు, ఇంకో సారు వచ్చిండు. ఈయన బెంచి మారలే. "మళ్ల వచ్చినవా పెద్దమనిషీ" అంటే, "అది కారుడు ఆపలే సారూ, నేనెట్ల ఆపుత రాకడ?" అనెటోడట. అరవై ఎనిమిదేండ్ల మనిషి. ఆయన ఊరు కాదు, ఆయన బోరింగు కాదు. కడకు కొత్త సారు ఒకనాడు బండెక్కి తనే వచ్చి చూసి, రేకు మీది నంబరు రాసుకొని పోయిండు. కాగితం అట్ల పుట్టింది.

సోమవారం పగటీలి కోరుట్లల మట్టి ఇచ్చినం. పెట్టె దింపేందుకు తాళ్లు తెచ్చిండ్రు, నైలాను తాళ్లు. జారుతయి. మా గుంపోడు ఒకడు ఉరికిపోయి మా పని తాళ్లు తెచ్చిండు. నలుగురం నాలుగు మూలల నిలబడ్డం. ఎవరు చెయ్యి చూపాలెనో తెలువక అందరు నా దిక్కు చూసిండ్రు. ఎన్నడూ మేస్త్రే చూపెటోడు, అరచెయ్యి కిందికి పెట్టి మెల్లగ, మెల్లగ అని. నేను అరచెయ్యి కిందికి పెట్టిన. పెట్టె ఎక్కడా గుంత గోడకు తగలలే.

పోయేటప్పుడు బిడ్డ సంచి తెచ్చి నా చేతుల పెట్టింది. తాళం, చెవి, గ్లౌజులు, మడత పెట్టిన తెల్లగుడ్డ. "గురువారానికి బాపు నిన్ననే సదిరి పెట్టిండు కాకా" అన్నది.

కంట్రాక్టరు ఫోన్ చేసి, "మేస్త్రి లేడు గదా, వానకాలం పోయినంక చూద్దాం" అన్నడు. నేను సంచిల చెయ్యి పెట్టి తాళం తడిమిన. తర్వాత "గురువారమే" అన్న. "ఎవరు చేస్తరు?" అన్నడు. "మేమే" అన్న. గంతే. వాడు ఒప్పుకున్నడు. ఇంత సులువని నాకు ముందు తెలిస్తే బాగుండు.

గురువారం లైన్‌మెన్ స్విచ్ గుంజిండు. నేను తాళం ఏసిన. తీగలను నేలకు కలిపిచ్చిన. చెవి మొలతాడుకు కట్టుకున్న, ఊడొద్దని ముడి మీద ముడి ఏసిన. నంబరు మూడుసార్లు చదివిన. తట్ట పెట్టి, గుడ్డ పరిచినం. పంపు పెట్టంగనే ఊరు చేరింది. మబ్బులున్నయి, ఉక్కపోత. ఫ్యాన్లు లేవు. అందరికి కోపంగనే ఉన్నది.

ముందుగాల మా వదినెనే వచ్చింది, లీటరు సీస పట్టుకొని.

"ఓ మరిదీ, జెర దీంట్ల పొయ్యి. గింతకాలం మీ మేస్త్రి అడ్డం పడె, పాపం పోయిండు. ఇగ మనదే గదా."

దుబాయి నుంచి వచ్చి కొత్తిల్లు కట్టుకుంటున్న పటేలు కొడుకు వెనుకనుంచి, "కాకా, మా దర్వాజలకు ఒక్క డబ్బ" అన్నడు.

"ఇయ్య" అన్న.

వినవడలేదేమో. "ఏందీ?" అన్నది వదినె.

"ఇయ్య."

"ఓయమ్మో, వీనికి నోరున్నది!" అన్నది. అందరు నవ్విండ్రు. "ఎందుకియ్యవురా? నీ ఇంట్ల సొమ్మా గిది? ఆ మేస్త్రి సచ్చి నీ మీదికి వచ్చిండా ఏంది?"

నాకు చెవులు మండినయి. గోడ దిక్కు తిరగాలెననిపిచ్చింది. తిరగలే.

"వదినే, నేను ఒకసారి దొంగతనంగ తెచ్చిన. మా ఆమె మోకాళ్లకు రాసిన. దాంట్ల ఏమున్నదో నాకు తెల్వదు. తెల్వకుంటనే రాసిన. మేస్త్రి వచ్చి సీస గుంజుకపోయిండు, ఇంటి ముంగట మాత్రం నన్ను ఒక్క మాట అనలే. గీ ఆయిలు గిట్లనే కారి కారి మన బోరింగు దిక్కు పోతున్నది. నీ సీసల పోస్తే నీ ఇంట్లకు వస్తది. ఇయ్య. నా పానం పోయినా ఇయ్య."

నా బతుకుల గంత పొడుగు ఎన్నడూ మాట్లాడలే. అప్పుడు మా ఆమె కట్టె పట్టుకొని ముంగటికి వచ్చింది.

"నిజమే అక్కా. రాసుకున్న. నొప్పి ఎక్కడిదక్కడనే ఉండె. మంచిగున్నదని అబద్ధం చెప్పిన. గీ మనిషి ఎన్నడు ఏం తేడు, తెచ్చింది అదొక్కటి, మనసు ఎందుకు కష్టపెట్టాలె అని."

నేను ఆమె దిక్కు చూసిన. గిన్ని దినాలకు నాకు అప్పుడే తెలిసింది.

వదినె సీసను తలకిందులు చేసి దులిపింది. "అయితే ఇగ దీంట్ల నీళ్లే తాగుత తీయ్" అన్నది. పటేలు కొడుకు డబ్బ చంకల పెట్టుకొని పోయిండు. కొందరు గొణిగిండ్రు. ఎవరూ ముట్టుకోలే.

ఆయిలంత డ్రమ్ములకు ఎక్కిచ్చినం. స్టాండు, చైను. ఎత్తే ముందు ఏదో మరిచిపోయినట్టయింది. దాని పక్క మీద వేలి కణుపుల తోని కొట్టిన. మాట బయటికి రాలే గాని, లోపల అనుకున్న. ట్రాలీల నిలబెట్టి నాలుగు దిక్కుల కట్టినం. గద్దె చుట్టూ ఆయిలు తాగి నల్లగైన మన్ను మోకాలు లోతు తవ్వి, అదంత డ్రమ్ములకు ఎత్తినం. ఇంజనీరు సారు పరీక్షకని అడుగు మన్ను ఇంత సీసల పట్టుకొని పోయిండు. తట్ట కింది గుడ్డను చూసుకొని, దాన్నే ట్రాలీల పరిచి దాని మీద డ్రమ్ములు నిలబెట్టినం. గుంతను ఎర్రమన్ను తోని నింపినం.

తీగలను నేలకు కలిపిన కర్ర తీసినం, ఇగ తాళం తియ్యాలె. మొలతాడు ముడి రాలే. గుంజితే ఇంకా బిగుసుకున్నది. చెమట. లైన్‌మెన్ బ్లేడు తీసిండు. "వద్దు" అన్న. ఊరంత ఫ్యాన్ల కోసం చూస్తున్నది. "ఇప్పు మరిదీ, ఇప్పు!" అని వదినె అరుస్తున్నది. మా ఆమె కట్టెను గోడకు పెట్టి, నా అంగి పైకెత్తి, అందరి ముంగట, గోరుతోని ఆ ముడి ఇప్పింది. ఆడోళ్లు నవ్విన నవ్వు మేస్త్రి ఉంటే వినాలె.

పొద్దుమూకే వరకు జగిత్యాల షెడ్డుల అన్నీ అప్పజెప్పినం. ట్రాలీల డ్రమ్ముల కింద పరిచిన గుడ్డను అక్కడ గుంజి, రెండు చేతుల ఎత్తి పట్టి చూసిన. గుంపు కూడ చూసింది. మడత పెట్టి సంచిల ఏసుకున్న. ఇంటికి వచ్చినంక మా ఆమె ఉతుకుదామని బకెటు నిండ నీళ్లు పోసింది. గుడ్డను విప్పి అటు ఇటు తిప్పి చూసి, "దీంట్ల ఉతికేందుకు ఏమున్నది?" అని పక్కకు పెట్టింది.

ఊర్లల్ల ఇంకా ఇట్లాంటివి ఎన్నో ఉన్నయి. మీ ఊర్ల మేకలు కట్టేసినది ఒకటి ఉంటే, దాని రేకు మీది నంబరు రాసుకొని ఆఫీసుకు పోండ్రి. బెంచి మీద కూసోండ్రి. నేను కూడ పోతున్న, సోమవారం సోమవారం. పక్క ఊర్ల ఇంకోటి ఉన్నది.

ఆదివారం పగటీలి మొదటి వాన పడ్డది. గట్టిగనే పడ్డది. మేస్త్రి గుడ్డను తల మీద కప్పుకొని బడి వెనుకకు పోయి నిలబడ్డ. గద్దె మీదినుంచి నీళ్లు దిగినయి. కొత్తమన్ను మీదినుంచి పారినయి. బోరింగు దాక వాటెంబడే నడిచిన, వంగి చూసుకుంట. ఎరుపు లేదు, నీలం లేదు, పసుపు లేదు. ఉత్త మన్ను రంగు.